నా రిజల్టు దాచుకుని వీధిని పరీక్షకు ఎలా పిలవను?

విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ళ కాగితం మీద రెండు వైపులా, ఏడు పేజీలు. పేరు, వీధి రాయొద్దని మొదటి పేజీలో ఒకసారి, చివరి పేజీలో రెండుసార్లు కోరారు. అందుకని గుర్తుపట్టే వీలున్న సంగతులు తీసేసి, మిగిలింది క్లుప్తంగా చెబుతున్నాను.

ఆమె వయసు 33. సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మత్స్యకారుల వీధిలో ఆశా కార్యకర్త. భర్త మరబోటు మీద కలాసీ. వేటకెళ్తే పది పదిహేను రోజులకి గాని గట్టుకు రాడు. ఇంట్లో అత్తగారు, ఆరో తరగతి చదివే కూతురు, ఆరేళ్ళ కొడుకు. మొన్న ఫిబ్రవరిలో ఆరోగ్య కేంద్రంలో సిబ్బందికి హెపటైటిస్ బి (కాలేయానికి పట్టే వైరస్ జబ్బు) టీకా వేస్తామని ముందు రక్తపరీక్ష చేశారు. తోటివాళ్ళందరికీ టీకా వేశారు, ఈమెకి వేయలేదు. పాజిటివ్ అని కాగితం చేతికిచ్చి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఇంకొన్ని పరీక్షలు చేసి, ఇప్పటికి మందు అక్కర్లేదు, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు.

ఆ కాగితం బీరువాలో చీరల కింద పెడితే కూతురి కంటపడింది. "నానమ్మా, అమ్మకి ఏదో పాజిటివ్ అంట" అని పైకి చదివింది. మర్నాడు పొద్దుట వంటగది గుమ్మం బయట ఒక కంచం, ఒక గ్లాసు విడిగా కనిపించాయి. "నీ కంచం ఇక్కడ ఎడతన్నాను. ఏటనుకోకు, గుంటలున్న కొంప" అన్నారట అత్తగారు. "ఆడికి మాత్రం సెప్పకు, బోటు మీదున్నోడు" అని కూడా అన్నారట. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై భర్త ఇంటికొచ్చాడు. విడి కంచం ఎందుకంటే మొక్కు అని చెప్పారు, విడి పడకకి కూడా అదే మొక్కు. మొదట్లో రెండు మూడుసార్లు అడిగాడు, ఇప్పుడు అడగడం మానేశాడు. అడగకపోవడమే ఎక్కువ భయంగా ఉందని ఆమె రాశారు. జూన్ 14 దాటితే మళ్ళీ బోటెక్కేస్తాడు.

ఇది చాలదన్నట్టు పైఅధికారి పిలిచి, జులై 28 ప్రపంచ హెపటైటిస్ దినం రోజున మీ వీధిలో క్యాంపు పెడుతున్నాం, 60 మందిని పోగుచెయ్యమన్నారు. లిస్టులో వీధి పేరు పక్కన 'హైరిస్క్' అని రాసి ఉందట. ఆ మాట బయటికి పొక్కి, "మేమేం తప్పుడు పని చేశామని మాకీ పేరు" అంటూ జనం ఆమె మీదే విరుచుకుపడ్డారు. అయిదేళ్ళ కిందట ఆమె అన్నయ్య పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, 38 ఏళ్ళకే చనిపోయాడు. తాగుడే చంపిందని అందరూ అన్నారు. అది కూడా ఇదేనా అన్నది ఇంకో ప్రశ్న. మొగుడికి చెప్పాలా వద్దా, నాది దాచుకుని నలుగురినీ పరీక్షకు రమ్మనడం మోసం కాదా, నా పని పోతుందా అన్నవి మిగతావి. ఆఖర్న, వేరే ఇంకుతో, ఒక్క వాక్యం ఉంది: మూడు నెలల నుంచి మా చిన్నాడికి నా చేత్తో ముద్ద పెట్టలేదండి, పెట్టొచ్చా?

అమ్మా,

మీ ఉత్తరంలో అయిదారు ముడులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నీ ఒకేసారి లాగితే ఇంకా బిగుసుకుంటాయి. వలలు బాగుచేసుకునే ఇంటి కోడలు మీరు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

నేను డాక్టర్ని కాను. ముప్పై రెండేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. మందుల విషయంలో మీ డాక్టరు మాటే మాట. కానీ ఆ మాట మీ చెవికి ఎలా చేరిందో చూశాక ముందు దాని గురించే చెప్పాలి. మూడో పేజీలో "ఇప్పటికి అక్కర్లేదన్నారు" అని రాసిన మీరే, అయిదో పేజీకి వచ్చేసరికి "నా జబ్బుకి మందు లేదన్నారు" అని రాశారు. ఆ రెండు పేజీల మధ్యలోనే మీ నిద్ర పోయినట్టుంది. మందు ఉందమ్మా. టెనోఫోవిర్ అని రోజుకొక మాత్ర. వైరస్‌ని పూర్తిగా తరిమేయదు గాని అణిచిపెట్టి ఉంచుతుంది. రక్తంలో వైరస్ ఎంతుంది, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ ఎంతుంది, స్కాన్‌లో కాలేయం ఎలా ఉంది, ఇవన్నీ చూసి ఎవరికి ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయిస్తారు. మీ కాలేయం ప్రస్తుతం దెబ్బతినలేదు కాబట్టి ఆగారు. రేపు అవసరమైతే ఇస్తారు, హెపటైటిస్ కోసం పెట్టిన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగానే ఇస్తారు. ఆ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. మొదలుపెట్టాక మాత్రం బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపకూడదు, అణిగి ఉన్నది ఒక్కసారిగా లేస్తుంది.

కాబట్టి మీకిప్పుడున్న వైద్యం ఆ 'ఆర్నెల్లకోసారి'యే. కాలేయం నొప్పి చెప్పని అవయవం. సగం పాడైనా మనిషి మామూలుగానే తిరుగుతూ ఉంటాడు. ఏ బాధా లేదని రావడం మానేసి, ఏడెనిమిదేళ్ళకి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళని నేను చూశాను. ఈ వైరస్ ముదిరితే కాలేయం గట్టిపడిపోవచ్చు, కాన్సరూ రావచ్చు. ముందే పట్టుకోవడానికే ఆ స్కాన్లు. ఫిబ్రవరికి ఆర్నెల్లంటే ఆగస్టు. అప్పుడు చేసే పరీక్షకి ఇంకో పని కూడా ఉంది. ఆర్నెల్లు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దాన్ని దీర్ఘకాలికం అంటారు. గోడ మీద క్యాలెండర్లో ఆగస్టు పేజీ తిప్పి గుర్తు పెట్టుకోండి. దేనికని ఎవరైనా అడిగితే గ్యాస్ బుకింగ్ అనండి.

ఇక ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పైకి అడగలేదు గాని, మీ ఉత్తరం నిండా ఉన్నది ఇదే. ఒకచోట మీ ఆయన్ని అనుమానించారు, ఇంకోచోట మీ ఆయన మిమ్మల్ని అనుమానిస్తాడని భయపడ్డారు. ఒక లెక్క చెబుతాను. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి 95 మందికి పైగా ఒంట్లోంచి దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. అంటే ముప్పై మూడేళ్ళ మనిషిలో ఇది తిష్ఠవేసి ఉందంటే, చిన్నప్పుడే వచ్చి ఉండటానికే అవకాశం ఎక్కువ. మీరు పుట్టేనాటికి మన ప్రభుత్వ టీకాల్లో ఇది లేదు. దేశమంతటా పిల్లలకు వేయడం 2011 నుంచే. పైగా మీ అన్నయ్య పోయిన తీరు కూడా అటే చూపిస్తోంది. తాగుడు లేదనను. కానీ లోపల బి ఉన్నవాడు తాగితే కాలేయం రెండువైపుల నుంచీ కాలుతుంది. ఆయన విషయంలో ఏది ఎంత చేసిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఒకవేళ మీ పాత గర్భిణి కార్డులో హెపటైటిస్ బి నెగటివ్ అని ఉంటే మాత్రం నా లెక్క తప్పుతుంది. వెతికి చూడండి. అప్పుడు సూదో, బ్లేడో, ఇంకేదో అవుతుంది. అయినా మూలం పట్టుకోవడం వల్ల ఇవాళ మీకు ఒరిగేది లేదు.

సూది అంటే గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజు సిరంజీలు, స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి మరగబెట్టేవాళ్ళం. రద్దీ ఎక్కువైతే ఆ మరగడం ఎంతసేపో గడియారానికి తెలియాలి, మాకు తెలియాలి. సూది మొన మొద్దుబారితే రాతి మీద నూరేవాళ్ళం కూడా. ఇప్పుడు తలుచుకుంటే చేతులు వణుకుతాయి. ఒకసారి రోగికి గుచ్చిన సూది నా వేలికి దిగింది. టీకా లేని మనిషికి అలా గుచ్చుకుంటే బి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెపటైటిస్ సి అయితే నూటికి మూడు, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి మూడు. నా అదృష్టం, ఏమీ కాలేదు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు ఈ టీకాని మన దగ్గరే తయారుచేసి ధర దించాక, మా వార్డు వాళ్ళం తలా కాస్తా వేసుకుని డోసులు తెప్పించి ఒకరికొకరం వేసుకున్నాం. అంతకుముందు విదేశీ టీకా కొనే స్తోమత మాకెక్కడిది?

ఇప్పుడు అసలు ముడి. మీరు చెప్పాలా, దాచాలా అని అడిగారు. అలా రెండే దారులు చూస్తున్నారు కాబట్టే ఊపిరాడటం లేదు. ఈ సంగతి తెలియాల్సిన వాళ్ళు వేరు, తెలుసుకోవాలని సరదాపడే వాళ్ళు వేరు. మీ రక్తంతో ఎవరి ఆరోగ్యం ముడిపడి ఉందో వాళ్ళు మొదటి రకం. మీ ఆయన, ఇద్దరు పిల్లలు, మీ అమ్మగారు, ఉంటే మీ తోడబుట్టినవాళ్ళు, మీకు వైద్యం చేసేవాళ్ళు. అంతే, ఇంకెవరూ లేరు. వీధి లేదు, తోటి ఆశాలు లేరు, మీ అత్తగారి చెల్లెలు అసలే లేదు.

మీ ఆయనకి చెప్పే విషయంలో మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, చెప్పకుండా గడిపేయడం. జూన్ 14 దాటితే ఆయన వెళ్ళిపోతాడు, మీకు కాస్త ఊపిరి ఆడుతుంది. కానీ ఈ వైరస్ రక్తం ద్వారానే కాదు, భార్యాభర్తల కలయిక ద్వారా కూడా వెళ్తుంది. ఎంతకాలమని మొక్కు పేరు చెబుతారు? పదమూడేళ్ళ కాపురంలో ఆయనకి ఇప్పటికే సోకి ఉంటే అది తెలియకుండా పోతుంది. సోకకపోతే టీకాతో ఆపగలిగే అవకాశం జారిపోతుంది.

రెండోది మీరే రాశారు. సిబ్బంది కుటుంబాలందరికీ పరీక్ష అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళడం. పని జరుగుతుంది, కాదనను. నెగటివ్ వస్తే టీకా వేయించేయొచ్చు. కానీ పాజిటివ్ వస్తే? ఆయన ముందుగా అనుకునేది తన వల్లే ఇంటికి పట్టిందని. ఆ బరువు ఆయన మీద పడేసి మీరు పక్కన నిలబడలేరు. మీ ఉత్తరం చదివిన నాకు ఆ మాత్రం తెలుస్తోంది.

మూడోది, చెప్పడం. ఇంట్లో వద్దు, ఆ గోడలకు అత్తగారి చెవులున్నాయి. ఆయన తాగి ఉన్నప్పుడు అసలే వద్దు. ఆసుపత్రికి తోడు రమ్మని తీసుకెళ్ళి, డాక్టరు గదిలోనో కౌన్సెలర్ ముందో చెప్పించండి. ఇది హెచ్‌ఐవీ కాదని, చిన్నప్పుడే వచ్చి ఉండొచ్చని ఆ మాటలు తెల్లకోటు నోటి నుంచి వస్తే బరువు వేరుగా ఉంటుంది. కోపం రావచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఇంతకాలం తల్లీ పెళ్ళామూ కలిసి దాచారన్న బాధే జబ్బు కంటే ఎక్కువ గుచ్చుకోవచ్చు, దానికి మాత్రం సిద్ధపడండి. నా మొగ్గు ఈ మూడోదాని వైపే. అయితే మీ ఆయన చేయి చేసుకునే మనిషా కాదా అన్నది మీరు రాయలేదు. అలాంటి మనిషైతే ముందు మీ వైపు పెద్దమనిషి ఒకరిని పక్కన పెట్టుకున్నాకే మాట తీయండి.

చెప్పాక ఏం చేయాలన్నది తేలిక. ఆయనకి వైరస్ ఉందా, లేదా ఇదివరకే వచ్చిపోయి రక్షణ మిగిలిందా అన్నది రక్తపరీక్షలోనే తెలుస్తుంది. రెండూ లేకపోతే టీకా మూడు డోసులు. మొదటిది వేసిన నెలకి రెండోది, మొదటిదానికి ఆర్నెల్లకి మూడోది. మొదటి డోసు ఈ నిషేధం రోజుల్లోనే పడిపోవాలి, అందుకే తొందర పెడుతున్నాను. రెండో డోసు నాటికి ఆయన సముద్రంలో ఉంటాడు. పది రోజులు ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, బోటు గట్టుకొచ్చిన రోజున వేయిస్తే సరిపోతుంది. మూడోది పడ్డాక ఒకటి రెండు నెలలకి రక్షణ వచ్చిందో లేదో ఒక పరీక్ష ఉంది. అది తేలేదాకా కండోమ్. బోటు మీద పదిమందికి ఒకే రేజరు అని రాశారు చూడండి, ఆయన చేతిలో ఒక సొంత రేజరు పెట్టి పంపండి. ఇంట్లో కూడా బ్లేడు, గోళ్ళు తీసేది, బ్రష్షు, మీ చెవి కమ్మలు ఎవరివి వాళ్ళవే. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో వారం రోజుల దాకా బతికి ఉంటుంది.

పిల్లల సంగతికొస్తే, ఊళ్ళో వాళ్ళందరి టీకా కార్డులూ చూసే మీరు మీ ఇంటి కార్డులు తీసి చూశారా? హెపటైటిస్ బి అని గాని, పెంటావాలెంట్ (బి కూడా కలిసిన అయిదు జబ్బుల టీకా) అని గాని రాసి ఉంటుంది. పుట్టిన 24 గంటల్లో వేసే డోసు పడిందా లేదా అన్నది ముఖ్యంగా చూడండి. అన్నీ పడినా ఇద్దరికీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి. మీకు పాజిటివ్ అని అప్పట్లో తెలియదు కాబట్టి, పుట్టగానే టీకాతో పాటు ఇవ్వాల్సిన ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) వాళ్ళకి ఇచ్చి ఉండరు. టీకాలు సరిగ్గా పడి ఉంటే ఎక్కువ భాగం పిల్లలు సురక్షితంగానే ఉంటారు. టెన్షన్ పడటానికి కాదు, తేల్చుకోవడానికి చేయించండి.

అమ్మాయి గురించి మీరు ఒక్క లైనే రాశారు. కాగితం పైకి చదివింది అని. నాకైతే ఉత్తరమంతటిలో ఎక్కువ బాధ కలిగించింది ఆ పిల్లే. పదకొండేళ్ళ పిల్ల ఒక మాట చదివింది, మర్నాటి నుంచి వాళ్ళమ్మ కంచం గుమ్మం బయటికి వెళ్ళింది. తను చదవడం వల్లే ఇదంతా అయిందని ఆ పిల్ల అనుకోదా? ఇంట్లో ఎవరూ ఎత్తని మాట మూడు నెలలుగా దాని కడుపులో ఉంది. మీ ఆయనకంటే ముందు దానికి చెప్పండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. అమ్మ కాలేయంలో ఒక వైరస్ ఉంది, డాక్టర్లు చూస్తున్నారు, అమ్మ చచ్చిపోదు, నువ్వు చదవడం తప్పు కాదు. ఈ నాలుగు మాటలు చాలు. నాన్నకి నేనే చెబుతాను, అప్పటిదాకా ఆగు అని కూడా చెప్పండి.

మీ అమ్మగారి దగ్గర మాత్రం మాట జాగ్రత్త. నీ నుంచే నాకొచ్చింది అన్న ధ్వని రాకూడదు. ఇప్పటికే ఒక కొడుకుని పోగొట్టుకున్న మనిషి. అన్నయ్య పోయాడు కదా, మనమందరం ఒకసారి లివర్ చూపించుకుందాం అంటే చాలు. తోడబుట్టినవాళ్ళు ఉంటే వాళ్ళనీ అదే మాటతో తీసుకెళ్ళండి. పెద్దావిడ నేల ఉసిరి పసరు తెస్తానంటే ప్రేమగా వద్దనండి. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరితో బి పోతుందని ఆశ కలిగించారు, తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో అది నిలబడలేదు. నీళ్ళ వల్ల వచ్చే ఎ, ఇ రకం కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన పేరు పసరుకీ, చేతి మీద పెట్టిన వాతకీ వెళ్తుంది. పసరు మీద జనానికున్న నమ్మకమంతా అక్కడ పుట్టిందే.

పని పోతుందా అన్నారు. మీరు ఆపరేషన్లు చేయరు. ఇల్లిల్లూ తిరగడం, గర్భిణులను తీసుకెళ్ళడం, చుక్కలు వేయడం, కార్డులు రాయడం. వీటిలో దేనివల్లా ఇది ఎవరికీ అంటదు. దీన్ని చూపించి పని నుంచి తీసేయడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. మలేరియా పరీక్షకు వేలు గుచ్చేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, అది అందరూ వేసుకోవాల్సిందే. మీ రిపోర్టు చూసిన ఏఎన్ఎం గారిని మాత్రం ఒకసారి పక్కకు పిలిచి, ఇది నా సొంత విషయం, బయటికి రాకూడదు అని మాట తీసుకోండి.

ఇక వీధి. మీది దాచుకుని వాళ్ళని పరీక్షకు పిలవడం మోసమా? నా దృష్టిలో కాదు. షుగరున్న డాక్టరు తన రిపోర్టు గోడకు అంటించి మరీ రోగుల్ని చూడడు. మీరు చెప్పే మాట నిజమా కాదా అన్నదే లెక్క. అయితే ఒకటుంది. రేపెప్పుడైనా మీది బయటపడితే, తనకుందని దాచి మనల్ని క్యాంపుకి తోలింది అనే నోరు ఒకటి తప్పకుండా లేస్తుంది. దానికి విరుగుడుగా మీరే ముందుకొచ్చి చెప్పేస్తే? మీ ఒక్కరి మాట పది కరపత్రాల పని చేస్తుంది, నిజమే. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేని మాట అది. రేపు అమ్మాయి పెళ్ళి మాటల్లో కూడా వస్తుంది. ఇంట్లో వాళ్ళ పరీక్షలు, టీకాలు పూర్తయ్యేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఏడాది తర్వాత మీకే అనిపిస్తే, మీ ఆయన, అమ్మాయి సరేనంటే, అప్పుడు చూడొచ్చు. ఎప్పటికీ అనిపించకపోయినా మీరేం బాకీ లేరు.

'హైరిస్క్' అన్న మాట దగ్గర మీ వీధివాళ్ళ కోపం నాకు న్యాయంగానే తోచింది. కాగితం రాసేవాళ్ళకి అది ఒక గడి, చదివేవాళ్ళకి అది తిట్టు. ఆ ముప్పు మనిషి గుణానికి సంబంధించింది కాదు, ఒకరి రక్తం ఇంకొకరి రక్తాన్ని తాకే సందర్భాలు ఎన్ని ఉన్నాయన్నదే. కిడ్నీ చెడి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే ముసలాయన, మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసేమియా బిడ్డ, ఆసుపత్రి చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికురాలు, సూదితో మత్తు ఎక్కించుకునే కుర్రాడు, సెక్స్ వర్కర్, హిజ్రా, జాతరలో ఒకే సూదితో పచ్చబొట్టు పొడిపించుకున్న వాళ్ళు, వీళ్ళంతా ఆ గడిలోనే ఉంటారు. సూది గుచ్చుకున్న నర్సుని నేను కూడా. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సూదులే మళ్ళీ వాడటం వల్ల బి పాకి పదుల మంది చనిపోయారు. వాళ్ళు చేసిన తప్పల్లా జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళడమే. మీ వీధిలో అడగండి, చిన్న జ్వరానికి కూడా సూది వెయ్యమని ఆర్ఎంపీ వెంట పడేవాళ్ళు ఎందరున్నారో. సిరంజి కవరు మీ కళ్ళ ముందు చింపితేనే వేయించుకోండి అన్న ఒక్క ముక్క ముందు పట్టుకెళ్ళండి, హైరిస్క్ కంటే బాగా దిగుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. బి, సి రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. సి కి టీకా లేదు గాని 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమైపోతుంది. పరీక్షకు భయపడేవాళ్ళకి ఈ మాట ధైర్యం ఇస్తుంది.

క్యాంపు గురించి నాకు రెండు అభ్యంతరాలున్నాయి, వీలైతే మీ పైఅధికారి చెవిన వేయండి. జులై 28న మీ వీధిలో మగవాళ్ళు ఎక్కడుంటారు? సముద్రంలో. వచ్చేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. 60 మంది లెక్క కుదురుతుంది గాని, బోటు మీద ఒకే రేజరు వాడే కలాసీ ఒక్కడూ దొరకడు. జూన్ 14 లోపు ఒక సాయంత్రం పెట్టమనండి. కిట్లు రాలేదు, ఆ రోజే చేయాలి అంటే, 28కి తోడు బోట్లు గట్టుకొచ్చిన ఇంకో రోజు హార్బర్ దగ్గర పెట్టమని అడగండి. ఒప్పుకోకపోవచ్చు. అడిగి పోగొట్టుకునేదేముంది.

రెండోది ఇంకా గట్టిది. రిజల్టు ఎలా చెబుతారు? వేలి మీద రక్తపు చుక్క తీసి కాసేపట్లో చెప్పే పరీక్ష అది. నేను చూసిన ఒక క్యాంపులో నెగటివ్ వాళ్ళని ఇంటికి పంపి, పాజిటివ్ వాళ్ళని మాత్రం షామియానా కింద కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎవరూ నోరు విప్పి ఏమీ అనలేదు, ఊరంతటికీ తెలిసిపోయింది. అందర్నీ ఒకే గదిలోకి, ఒక్కొక్కరినే పిలిచి, ఒకేలాంటి మడత కాగితం ఇచ్చి పంపాలి. పాజిటివ్ వచ్చినవాళ్ళని పెద్దాసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, నెగటివ్ వచ్చిన పెద్దవాళ్ళకి టీకా ఇస్తారా ఇవ్వరా, ఈ రెండింటికీ ముందే జవాబు రాబట్టండి. పరీక్ష చేసి గాలికి వదిలేసే క్యాంపు కంటే అసలు లేకపోవడమే నయమని నా అభిప్రాయం. ఆ కుర్చీల్లో కూర్చునే మనిషికి ఏమవుతుందో ఆ గదిలో మీకంటే బాగా ఇంకెవరికీ తెలియదు. పేరు బయట పెట్టకుండానే ఆ అనుభవాన్ని వాడుకోవచ్చు.

మీ అత్తగారిని నేను తిట్టలేను. ఆవిడకి 'పాజిటివ్' అంటే ఒకే ఒక్క జబ్బు తెలుసు. భయపడింది, చేతనైనట్టు మనవల్ని కాపాడుకుంటున్నాననుకుంది, మిమ్మల్ని ఇంట్లోంచి పొమ్మనలేదు. కంచం, గ్లాసు, దగ్గు, తుమ్ము, ఒకే బాత్రూము, ఒకే పక్క, వీటివల్ల ఇది రాదని డాక్టరు చేత ఆవిడకీ ఒకసారి చెప్పించండి. మీరు చెబితే వినదు, కోడలి మాట కదా.

ముద్ద సంగతి. పెట్టొచ్చమ్మా. ఈ రాత్రే నెత్తళ్ళ పులుసు కలిపి పెట్టండి. చేపలు కోసేటప్పుడు వేలు తెగి ఉంటే మాత్రం ఆ వేలికి ప్లాస్టర్ చుట్టుకుని పెట్టండి.